అసలు ఇంజనుకు కాపలా

లక్కోజు సోమలింగాచారి చేసిన తప్పు ఒక్కటే. ఇంజను పూర్తయ్యాక పర్మిషను అడిగాడు.

ఆయన ఐటీఐలో ముప్పై ఒక్క ఏళ్ళు టర్నరు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. సామర్లకోట స్టేషను వెనక వీధిలో ఇల్లు, ఇంటి వెనక రేకుల షెడ్డు, షెడ్డులో ఇనుము చెక్కే ఒక పాత లేతు మిషను. దాన్ని ఐటీఐ వాళ్ళు ముసలిదైపోయిందని బయట పడేస్తే ఈయన ఇంటికి తెచ్చుకున్నాడు. తనూ లేతూ ఒకే ఏడాది రిటైరయ్యాం కాబట్టి ఒకరికొకరం తోడు అనేవాడు. ఆ లేతు ముందు తొమ్మిదేళ్ళు నిలబడి ఒక రైలింజను చేశాడు. ముప్పై ఒకటిన్నర అంగుళాల పొడవు, ఇరవై ఒక్క కిలోల బరువు. దాన్ని బొమ్మ అన్నవాళ్ళకు ఆ ఇంట్లో కాఫీ పుట్టేది కాదు. బొమ్మకైతే కీ ఇస్తారు. ఇది బొగ్గు తిని, నీళ్ళు తాగి, ఆవిరి వదిలి నడిచే ఇంజను, పెద్దదానిలో సరిగ్గా పదహారో వంతు. సిలిండర్లు గన్‌మెటల్‌తో పోత పోయించి వెంట్రుకవాసి తేడా రాకుండా తొలిచాడు. రాగి బాయిలరు మూడుసార్లు కారి నాలుగోసారి నిలిచింది. అతుకులన్నీ వెండి టంకం. ఆ వెండి ఎక్కడిదో ఆయన భార్య వీరవేణికి తెలుసు. ఆ తొమ్మిదేళ్ళలో ఆమె కాళ్ళ పట్టీలు ముందు ఒకటి, తర్వాత రెండోది కనిపించకుండా పోయాయి.

ఇంత పనీ ఒక్క మనిషి చెవి కోసం. ఆదెయ్య మేస్త్రి ఆవిరి ఇంజన్ల రోజుల్లో రైల్వే షెడ్డులో ఫిట్టరు. సోమలింగానికి ఆకురాయి పట్టుకోవడం నేర్పింది ఆయనే. చక్రం ఒక చుట్టు తిరిగితే ఇంజను నాలుగు దెబ్బలు కొడుతుంది. నాలుగూ సమంగా పడాలి. ఏ దెబ్బ వెనకబడిందో ఆదెయ్య ప్లాట్‌ఫారం మీద టీ తాగుతూ చెప్పేసేవాడు. ఇప్పుడాయనకు ఎనభై తొమ్మిది. నీటికాసులతో చూపు పోయి పదేళ్ళయింది. ఎడమ చెవి కూడా పోయింది. కుడిచెవి మహా అయితే ఇంకో ఏడాది పనిచేస్తుందని డాక్టరు చెప్పాడు.

"చెవి పోయేలోగా ఒక్కసారి ఆ నాలుగు దెబ్బలూ ఇనిపించరా సోమలింగం. ఇంకేం అడగను" అన్నాడు ఆదెయ్య.

ఇంజనుకు ఆఖరి కోటు నల్లరంగు ఆరిన రోజు వీరవేణి బుట్టెడు బొగ్గులు తెచ్చి షెడ్డు ముందు పెట్టింది.

"వెలిగించండి. నేనెళ్ళి మేస్త్రీగారిని ఆటోలో తీసుకొత్తాను" అంది.

"అలా వెలిగించెయ్యకూడదు వీరవేణీ. బాయిలరది. పీడనం ఉంటుంది. దానికి రూలుంది" అన్నాడు సోమలింగం.

"నా కుక్కరుకీ ఉంటుంది పీడనం. రోజూ మూడు కూతలు కూత్తాది. నేనెవరినీ అడగలేదు."

"ముప్పై ఒక్క ఏళ్ళు క్లాసులో రూల్సు చెప్పిన నోరిది. వారం రోజుల్లో వచ్చేస్తుంది పర్మిషను."

వీరవేణి బొగ్గుల బుట్ట తీసుకెళ్ళి లోపల పెట్టేసింది. ఆ వారం ఎంత పొడుగుంటుందో ఆమెకు అప్పుడే తెలిసినట్టుంది.

జిల్లా కేంద్రంలో ఆవిరి పీడన పర్యవేక్షణ కార్యాలయం ఉంది. జిల్లాలో ఆవిరి ఇంజన్లు లేకపోయినా పర్యవేక్షణ మాత్రం ఆగలేదు. సోమలింగం వెళ్ళిన రోజుల్లో అక్కడ మాతృభాషా పక్షోత్సవాలు జరుగుతున్నాయి. గుమ్మానికి మామిడి తోరణం, గోడకు ఒక బ్యానరు, తెలుగులో దరఖాస్తు పెట్టిన ప్రతివారికీ ఒక గులాబీ. మామూలు రోజుల్లో అయితే ఆయన ఇంగ్లీషులో 'మోడల్ ఇంజన్' అని రాసి ఉండేవాడు, ఈ కథ అక్కడితో అయిపోయేది. గులాబీ ముచ్చటపడి, 'నేను స్వయముగా తయారుచేసిన ఆవిరి యంత్రపు నమూనా, అసలులో పదహారవ వంతు' అని అచ్చంగా రాశాడు.

సూపరింటెండెంటు తాతబ్బాయి చాలా మర్యాదస్తుడు. కూర్చోమన్నాడు, గులాబీ ఇచ్చాడు, దరఖాస్తు చదివాడు.

"అక్షరదోషం ఒక్కటి లేదండి. సంతోషం. ఇదే సంగతి ఈ నమూనా-4లో రాసిచ్చెయ్యండి" అని రెండు కాగితాలు ముందుకు జరిపాడు, ఒకటి తప్పుపోతే ఇంకోటి ఉంటుందని.

పక్షోత్సవాలు మొదలైనప్పటి నుంచి ఆ ఆఫీసులో ఫారం అనకూడదు. ఫారాలన్నీ నమూనాలయ్యాయి. సోమలింగం నమూనా-4లో తన నమూనా గురించి రాసి ఇచ్చాడు. తాతబ్బాయి దాన్ని కూడా చదివి, కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"నమూనా అన్నారు. మరి అసలేదండి?"

"అసలేంటండి?"

"నమూనా ఉందంటే అసలుండాలి కదండి. అసలు లేకుండా నకలెలా పుడతాదండి?"

"అసలు ఇంజన్లు ఎప్పుడో తుక్కుకింద పోయాయండి. డ్రాయింగు చూసి చేసుకున్నాను నేను."

"నేను కాదన్లేదండి. జత చెయ్యమంటున్నానంతే. నకలు పెట్టినవాళ్ళు అసలు చూపించాలి, గెజిటెడ్ ఆఫీసరుగారు రెండూ పక్కపక్కన పెట్టి చూసి సంతకం చెయ్యాలి. మొన్నొకాయన వాళ్ళ నాన్నగారి మరణపత్రం నకలు తెచ్చారండి. అసలేదండీ అంటే, దహనం రోజున పొరపాట్న చితిలో పడిపోయిందన్నారు. సానుభూతి చెప్పి, అసలు తెమ్మన్నాను. వారం తిరక్కుండా తెచ్చారండి. మనసుంటే దొరుకుతాది."

సోమలింగం ఇంజను అంటే ఏమిటో, నమూనా అంటే ఏమిటో అరగంట బోధించాడు. ఐటీఐలో వెనక బెంచీ వాళ్ళకు కూడా అర్థమయ్యేలా చెప్పగలిగిన మనిషి. తాతబ్బాయి ప్రతి మాటకూ తలూపాడు, చివర్లో అసలేదండీ అన్నాడు.

ఫైలు ఉపసంచాలకులు ప్రభంజనరావు దగ్గరకు వెళ్ళింది. ఆయన ఇంట్లో కూరకు ఉప్పు అడగాలన్నా 'సదరు కూర' అంటాడని ప్రతీతి. సోమలింగాన్ని పిలిపించి ఆదరంగా మాట్లాడాడు.

"ఆచారిగారూ, ప్రభుత్వము మీ అభిరుచికి వ్యతిరేకము కాదు. ప్రభుత్వమునకు అభిరుచులతో నిమిత్తము లేదు. అయితే, అసలు ఆచూకీ తెలియని నకలు సంచరించుట శాంతిభద్రతల దృష్ట్యా క్షేమకరము కాదు. అర్థము చేసుకొనగలరు."

మర్నాడు ఇద్దరు ఉద్యోగులు ఆటోలో వచ్చి ఇంజనును ఎర్రగుడ్డలో చుట్టి, కూత గొట్టం మీద లక్కతో సీలు వేసి పట్టుకెళ్ళారు. 'అసలు వెలుగులోనికి వచ్చునంతవరకు నకలును చీకటియందు ఉంచవలెను' అని ఉత్తర్వు. ఆటో సందు మలుపు తిరిగే వరకూ సోమలింగం గుమ్మంలో నిలబడి చూశాడు. తొమ్మిదేళ్ళలో ఆ షెడ్డు ఖాళీగా కనిపించడం అదే మొదలు. ఆయనకు దుఃఖం వచ్చింది. ఎర్రగుడ్డ మీద నూనె మరకలు పడతాయేమోనని కూడా అనిపించింది.

ఆ సాయంత్రం వీరవేణి కుక్కరు మూడు కూతలకు బదులు ఐదు కూసింది.

నెల్లాళ్ళు ఆలోచించి సోమలింగం తన తప్పు ఎక్కడుందో కనిపెట్టాడు. గొడవంతా 'నమూనా' అన్న మాటతోనే కదా. ఆ మాట తీసేస్తే సరి. కొత్త దరఖాస్తు రాశాడు: 'నా వద్ద గల ఆవిరి యంత్రమును నడుపుకొనుటకు అనుమతి ఇవ్వగలరు.' నమూనా లేదు, వంతులు లేవు. కొలతలు మొదటి దరఖాస్తులో ఉన్నాయి గదా అని మళ్ళీ రాయలేదు.

తాతబ్బాయి ఆ కాగితం చదివి లేచి నిలబడ్డాడు. టేబులు చుట్టూ తిరిగి వచ్చి సోమలింగం చెయ్యి పట్టుకున్నాడు.

"దొరికిందన్నమాట. నేను చెప్పలేదాండి, మనసుంటే దొరుకుతాదని."

"ఏం దొరికిందండి?"

"అసలండి. మొదటి దరఖాస్తులో నమూనా అన్నారు. దీంట్లో ఉత్త యంత్రమన్నారు. నమూనా కానిది అసలే కదండి. ఇప్పుడే ఫైలు తెరిచేత్తాను."

"అయ్యా, రెండూ ఒకటేనండి."

"నకలూ అసలూ ఒకటేనంటే కేసవుతాదండి ఆచారిగారూ. ఆ మాట మీరనలేదు, నేను వినలేదు."

అలా ఆ మధ్యాహ్నం రెండున్నర గంటలకు, టీ రాకముందే, సామర్లకోటకు ఒక పెద్ద రైలింజను వచ్చింది. కొలతలు లేకపోవడం కొంత చిక్కే గానీ, ఆఫీసు దాన్ని సునాయాసంగా దాటింది. నమూనా పదహారో వంతు కాబట్టి అన్నింటినీ పదహారుతో హెచ్చవేశారు. ముప్పై ఒకటిన్నర అంగుళాలు పదహారుసార్లు నలభై రెండు అడుగులు. ఇరవై ఒక్క కిలోలు పదహారుసార్లు మూడు వందల ముప్పై ఆరు కిలోలు.

ఆ అంకె చూసి సోమలింగంలో మేష్టారు లేచాడు. తిన్నగా ప్రభంజనరావు గదికి వెళ్ళాడు.

"అయ్యా, పొడుగు పదహారింతలయితే వెడల్పు పదహారింతలు, ఎత్తు పదహారింతలు. బరువు ఆ మూడింటి హెచ్చవేత. ఎనభై ఆరు టన్నులు రావాలండి. నలభై రెండు అడుగుల ఇంజను మూడు వందల కిలోలంటే, అది గాలికి కాలవలో పడిపోతుంది."

ప్రభంజనరావు ఫైలు మూశాడు. "ఆచారిగారూ, మీరు చెప్పునది విద్యార్థులకు సరిపోవును. ప్రభుత్వములో ఒక వస్తువునకు ఒకే గుణకారము ఉండును. పొడవునకు ఒకటి, బరువునకు ఒకటి అని పక్షపాతము చూపజాలము. పైగా ఇంతటి తేలికపాటి ఇంజను రాష్ట్రములో మరెక్కడను లేదు. మనము గర్వించవలెను."

ఆ గర్వమే కొంప ముంచింది. ఆ ఏడాదే రాజధాని నుంచి కొత్త ఉత్సాహం ఒకటి దిగింది. ప్రతి జిల్లా తన దగ్గరున్న వారసత్వ యంత్రం ఒకటి చూపించాలట. పక్క జిల్లాల వాళ్ళు పాత రోడ్డు రోలర్లూ చెరుకు గానుగలూ వెతుక్కుంటూ ఊళ్ళ మీద పడ్డారు. ప్రభంజనరావు కుర్చీలోంచి లేవకుండానే నలభై రెండు అడుగుల ఇంజను పంపించాడు, కాగితం మీద. శభాష్ అంటూ జవాబు వచ్చింది. స్టేషను అవతల ఖాళీ స్థలం ఇంజనుకు కేటాయించారు. చుట్టూ తాడు కట్టించి, గవరయ్య అనే ఆయన్ని వాచ్‌మన్‌గా వేశారు. ఒక రిజిస్టరు, ఒక ఈల, ఒక స్టూలు ఇచ్చారు.

సోమలింగం ఒకరోజు పొద్దున్నే చూద్దామని వెళ్ళాడు. తాడు లోపల పల్లేరుకాయల మొక్కలు బాగా పెరిగాయి. గవరయ్య స్టూలు మీద నిటారుగా కూర్చున్నాడు.

"లోపలికి రాకూడదండి. ఇంజనుంది" అన్నాడు గవరయ్య.

"ఎక్కడుంది?"

గవరయ్య వెనక్కు తిరిగి చూడకుండానే, "నేను ఉద్యోగంలో చేరేక ఒక్క బోల్టు పోలేదండి. రిజిస్టరు చూసుకోండి" అన్నాడు.

మూడు నెలలకోసారి తనిఖీ అధికారి కూడా వచ్చి వెళ్ళేవాడు. మొదటిసారి మాత్రం కాస్త తడబడి, ఆ తర్వాత దారి కనిపెట్టాడు. 'తనిఖీ సమయమున యంత్రము విధి నిర్వహణలో ఉన్నందున స్థలములో లేదు. హాజరు సంతృప్తికరము' అని రాసేవాడు.

ఇక అసలు దొరికింది కనుక నకలును పోల్చి చూసి వదిలిపెట్టమని సోమలింగం అర్జీ మీద అర్జీ పెట్టాడు. ముగ్గురు సభ్యులతో కమిటీ వేశారు. వాళ్ళు ఎర్రగుడ్డ మూట ఒక పక్క, అసలు ఫైలు ఒక పక్క పెట్టుకుని రెండు రోజులు పోల్చారు. చివరికి ఉత్తర్వు వచ్చింది:

'అసలు యంత్రము గత ఎనిమిది మాసములుగా పొగ, నిప్పు, శబ్దము, వేడిమి ఏమియు లేకుండ, ఒక్క ప్రమాదమైనను జరుగకుండ పనిచేయుచున్నది. నమూనాకు నిప్పు అవసరమని దరఖాస్తుదారుడే అంగీకరించియున్నాడు. అసలుకు లేని నిప్పు నకలుకు ఉండుట అనుకరణ నియమములకు విరుద్ధము. నిప్పు, నీరు, ఆవిరి లేకుండ నడిపెడి పక్షమున అభ్యంతరము లేదు.'

ఆ కాగితం జేబులో పెట్టుకుని సోమలింగం ఆదెయ్య దగ్గరకు వెళ్ళాడు. ఇదివరకు పక్కన కూర్చుని మాట్లాడితే వినిపించేది. ఇప్పుడు కుడిచెవి దగ్గర నోరు పెట్టి అరవాల్సి వచ్చింది. ఆదెయ్య కోడలు వంటింట్లోంచి తొంగిచూసింది.

"ఎంతవరకొచ్చిందిరా?" అన్నాడు ఆదెయ్య.

"పూర్తయిపోయిందండి గురువుగారూ. ఆఫీసులో ఉంది."

"ఆఫీసులో ఏం చేత్తందిరా?"

సోమలింగం జేబులోని కాగితం తడుముకున్నాడు. ఆదెయ్య ఆయన చెయ్యి వెతికి పట్టుకున్నాడు. "పొద్దున మెయిలెళ్ళినప్పుడు కూత ఇనబడేదిరా. నాల్రోజుల్నించి ఇనబట్లేదు. మెయిలు మానేశారేటి?"

మెయిలు మానెయ్యలేదు. అది రోజూ ఏడున్నరకు వాళ్ళ గోడ అదిరేలా పోతూనే ఉంది. సోమలింగం అవునండీ, మానేశారు అని అరిచాడు. తన గురువుతో అబద్ధమాడటం అదే మొదటిసారి. ఇంటికొచ్చి వీరవేణికి చెప్పి, ఏడ్చేశాడు.

ఇంజనును పట్టుకెళ్ళిన పదకొండో నెలలో ప్రభంజనరావు స్వయంగా సోమలింగం ఇంటికి వచ్చాడు. వీరవేణి మంచినీళ్ళు ఇచ్చింది, కాఫీ అడగలేదు. వారసత్వ యంత్రాన్ని జాతికి అంకితం చెయ్యడానికి రాజధాని నుంచి కమిషనరుగారు వస్తున్నారట. నలభై రెండు అడుగుల పొడవున తెర కుట్టించారు. తెర తియ్యరు. భద్రతా కారణాల వల్ల ఇంజను తెర వెనకే ఉంటుందని కార్డులో అచ్చు వేయించారు. అంతవరకూ ఇబ్బంది లేదు గానీ, కమిషనరుగారు కూత వినాలని ముచ్చటపడ్డారు.

"కావున, తమరి నమూనా నుండి ధ్వని సహకారము అవసరమైనది. తెర వెనుక నుండి, ఒక్క నిమిషము మాత్రము" అన్నాడు ప్రభంజనరావు. ఆ ఒక్కసారీ ఆయన గొంతు మామూలు మనిషి గొంతులా ఉంది.

"నిప్పు పెట్టాలి. నిషేధం కదండి" అన్నాడు సోమలింగం.

"అసలుకు సేవ చేయునపుడు నకలుకు మినహాయింపు కలదు."

సోమలింగం వీరవేణి వైపు చూశాడు. "ఒకే ఒక్క షరతు" అంది ఆమె ఆయన బదులు. "ఒక ముసలాయన్ని తీసుకొత్తాం. తెరకి ఆనించి కుర్చీ వెయ్యాలి. కమిషనరుగారి కంటే ముందు."

వేశారు. స్టేషను అవతల స్థలంలో పల్లేరుకాయలు ఏరించి షామియానా వేశారు. ఆదెయ్య ఉతికిన పంచె కట్టుకుని తెర పక్కన కూర్చున్నాడు, కుడిచెవి తెర వైపు. తెర వెనక సోమలింగం లక్క సీలు పగలగొట్టి, ఎర్రగుడ్డ విప్పి, చక్రాలు గాల్లో తిరిగేలా ఇంజనును గురువు చెవికి జానెడు దూరంలో చెక్కదిమ్మల మీద పెట్టాడు. బొగ్గు రాజేశాడు. సన్నగా వేడెక్కిన నూనె వాసన వచ్చింది. గేజి ముల్లు సున్నా నుంచి కదిలి పైకి పాకుతుంటే తొమ్మిదేళ్ళ కష్టమంతా ఆ ముల్లు మీదే ఉన్నట్టు చూశాడు. అతుకులు కారలేదు. కార్యక్రమ పత్రంలో 'ధ్వని: ఒక నిమిషము' అన్న చోటు వచ్చాక కూత తాడు లాగాడు. కూత అచ్చం కూతలాగే వచ్చింది. తర్వాత ఆవిరి వదిలాడు. చక్రాలు తిరిగాయి. ఇంజను దెబ్బలు కొట్టడం మొదలుపెట్టింది.

తెర ముందు కమిషనరుగారు చప్పట్లు కొట్టారు. ఆదెయ్య కర్ర ఊతంగా లేచి నిలబడి, చెవిని తెరకు ఆనించాడు.

"ఒళ్ళో పట్టేంత ఇంజనురా ఇది" అన్నాడు పైకే. చెవిటివాళ్ళు మాట్లాడినట్టు గట్టిగా. "నలభై రెండడుగులంటారేటి ఈళ్ళు. చిన్నదే. కానీ మంచి ఇంజను." మళ్ళీ విన్నాడు. "ఒరే సోమలింగం, మూడో దెబ్బ ఎనకబడతందిరా. సరిచెయ్యి."

"ఏమంటున్నారాయన?" అని కమిషనరుగారు అడిగారు.

"వృద్ధ కార్మికుడు ఆనందబాష్పములతో అసలును గుర్తించినాడు" అన్నాడు ప్రభంజనరావు.

మూడో దెబ్బ వెనకబడటం సోమలింగానికీ వినిపించింది. వాల్వు కడ్డీ మీది నట్టు ఒక్క అర చుట్టు తిప్పితే సరి. స్పానరు జేబులోనే ఉంది. జేబులో చెయ్యి పెట్టేసరికి నిమిషం అయిపోయింది. మైకులో ఉపన్యాసాలు మొదలయ్యాయి, ఉద్యోగులు నిప్పు మీద నీళ్ళు పోసి, ఇంజనును గుడ్డలో చుట్టి, కొత్త లక్క కరిగించారు.

మరుసటి నెలకల్లా ఆదెయ్య కుడిచెవి కూడా పూర్తిగా పోయింది.

ఆ తర్వాత పెండింగు ఫైళ్ళ ముగింపు వారోత్సవాలు వచ్చాయి. తోరణం అదే, బ్యానరు మారింది. సోమలింగానికి ఒక నోటీసు అందింది: 'తమరి దరఖాస్తునకు సంబంధించిన నమూనా కార్యాలయమునకు అందలేదు. ఏడు దినములలోగా నమూనా సమర్పించనిచో స్వాధీనములోని వస్తువులు జప్తు చేయబడును.'

పరుగున వెళ్ళాడు. "నమూనా మీ దగ్గరే ఉంది కదండి. మీ బీరువా వెనక, ఎర్రగుడ్డలో."

తాతబ్బాయి రిజిస్టరు తిప్పి చూపించాడు. "అది ఫంక్షనప్పుడు ధ్వని పరికరం కింద ఎక్కిందండి. నమూనా అన్న గడి ఖాళీగా ఉంది చూడండి. నమూనా ఇస్తే ఫైలు మూసేత్తాం, ఫైలు మూసేత్తే మీ పరికరం మీకిచ్చేత్తాం. నాకేం కక్షా చెప్పండి?"

సోమలింగం ఇంటికొచ్చి షెడ్డులో కూర్చున్నాడు. ఏడు రోజుల్లో ఇంకో ఇంజను చెయ్యాలి. ముప్పై ఒకటిన్నర అంగుళాల్లో పదహారో వంతు అంటే రెండు అంగుళాలు. బొటనవేలంత ఇంజను. ఆయన నిజంగానే ఇత్తడి కడ్డీ ఒకటి తీసి లేతుకు బిగించాడు. వీరవేణి వచ్చి లేతు స్విచ్చి ఆపేసింది. నోటీసు చేతిలోంచి తీసుకుని చదివింది. ఆవిడ చదువు ఎనిమిదో తరగతి, కానీ కాగితాన్ని అటు నుంచి ఇటు చదవగలదు.

"నమూనా కావాలన్నారు, అంతే కదండి? ఏ నమూనా అని రాయలేదు."

"అంటే?"

"మొదట్లో తెచ్చారు చూడండి, రాసింది కాక ఇంకోటి మిగిలిందని. బియ్యం డబ్బా మీద అట్ట కింద ఏశాను."

లోపలికెళ్ళి తెచ్చింది. నూనె మరక ఒకటి ఉంది గానీ మిగతా అంతా శుభ్రంగా, ఖాళీగా ఉంది. పైన పెద్దక్షరాలతో 'నమూనా-4' అని అచ్చు. కవరులో పెట్టి, 'మీరు కోరిన నమూనా ఇందువెంట జతపరచడమైనది' అని భర్త చేత రాయించి, రిజిస్టరు పోస్టులో పంపింది.

నాలుగో రోజు జవాబు వచ్చింది. 'నమూనా అందినది. పరిశీలించి సంతృప్తి చెందడమైనది. ఫైలు ముగించడమైనది.' ఐదో రోజు ఇంజను ఆటోలో ఇంటికొచ్చింది. నడపడానికి పర్మిషను ఇచ్చినట్టు ఆ కాగితాల్లో ఎక్కడా లేదు. ఇవ్వనట్టూ లేదు. సోమలింగం రెండుసార్లు వెతికి, కాగితాలు మడిచి, బియ్యం డబ్బా మీద అట్ట కింద పెట్టాడు.

మర్నాడు పొద్దున్న ఆదెయ్యను ఆటోలో తీసుకొచ్చారు. షెడ్డు ముందు బల్ల వేసి, ఇంజనును దిమ్మల మీద పెట్టి, సోమలింగం వాల్వు కడ్డీ నట్టును అర చుట్టు తిప్పాడు. వీరవేణి బొగ్గులు వేసింది. ఆదెయ్యకు ఏమీ కనబడదు, ఏమీ వినబడదు. సోమలింగం ఆయన కుడి అరచేతిని తీసి బల్ల మీద ఆనించి, ఆవిరి వదిలాడు.

ఆదెయ్య ముఖం ముందు మామూలుగానే ఉంది. తర్వాత పెదాలు కదిలాయి.

"ఒకటి. రెండు. మూడు. నాలుగు." మళ్ళీ లెక్కపెట్టాడు. రెండో చెయ్యి కూడా బల్ల మీద పెట్టాడు. "సమంగా పడతన్నాయిరా. నాలుగూ సమంగా పడతన్నాయి."

ఏం చెప్పినా ఆయనకు వినపడదు. సోమలింగం గురువు చేతుల మీద తన చెయ్యి వేశాడు.

"ఇంతకీ పర్మిషనొచ్చిందేటి?" అన్నాడు ఆదెయ్య.

రూల్సు చెప్పిన మనిషి వీరవేణి వైపు చూశాడు. ఆమె కూత తాడు చూపించింది. ఆయన దాన్ని గట్టిగా లాగాడు. కూత ఇంటి మీదుగా, స్టేషను మీదుగా అవతలికి పోయింది.

అక్కడ స్టూలు మీద కూర్చున్న గవరయ్య ఉలిక్కిపడి లేచాడు. పల్లేరుకాయల వైపు ఒకసారి చూశాడు. రిజిస్టరు తెరిచి, చెవి మీది పెన్ను తీసి రాసుకున్నాడు: 'ఉదయం తొమ్మిది గంటల పది నిమిషములకు అసలు యంత్రము కూత వేసినది. బోల్టులన్నియు సరిగానే ఉన్నవి.'